మన చెల్క, వారి రేగడి: నిప్పు పారిన నేలలు చూచి వద్దాము



ఈ పూట మీకు ఒక ప్రయాణం సంగతి చెప్పదలచినాను. రెండు రోజుల ప్రయాణం. శనివారం తెల్లవారి బయలుదేరి, ఆదివారం పొద్దుగూకినాక ఇల్లు చేరినాము. చూడబోయినది తీర్థమూ కాదు, జాతరా కాదు. ఒకానొకప్పుడు నిప్పు కక్కి చల్లారిన నేలలు. "వాటితో మాకేమి పని? మా బాయిలో నీళ్ళు లేక మేమేడుస్తుంటే" అని మీరు అనవచ్చును. ఆ బాయి గురించే ఈ ప్రయాణం మొదలైనది. అదెట్లాగో వినండి.

దేవరకొండ దగ్గర ఒక పెద్దయ్య ఉన్నారు. ఆయన చేనులో నాలుగు బోర్లు వేయించినారు. నాలుగింటిలోనూ దుమ్మే లేచినది. పక్క చేను ఆయన తమ్మునిది. ఆ చేనులో ఒక్కటే బోరు. ఎండకాలంలోనూ కొద్దో గొప్పో పోస్తూనే ఉంటుంది. రెండు చేలకు నడుమ నూరు గజాలు కూడ లేదు. ఉన్నదల్లా ఒక నల్లరాళ్ళ వరుస. నడుము ఎత్తున, గట్టు వేసినట్టు, చెలక మధ్యగా తిన్నగా సాగిపోయింది. అన్నదమ్ములకు రెండేళ్ళుగా మాటలు లేవు. "నా కింది నీళ్ళు వాడే గుంజుకొంటున్నడు" అని అన్నగారి అనుమానం. ఎడ్లను అమ్మిన పైకం చేతిలో పెట్టుకొని ఆయన నన్నడిగినారు: "అయిదో బోరు వేద్దమనుకుంటున్న బిడ్డా. ఎక్కడ వేస్తే పడతది?"

నేను జవాబు చెప్పలేదు. "పెద్దయ్యా, రెండు రోజులు నాతో రాండి. ఆ నల్లరాయి ఎక్కడిదో చూచి వచ్చి, అప్పుడు ఆలోచిద్దాము" అన్నాను.

మొదట దేవరకొండ కోటగుట్ట ఎక్కినాము. ఏడు కొండలను కలుపుతూ గోడలు కట్టిన కోట ఇది. పద్మనాయక రాజులు ఏలిన చోటు. కాని ఆ నాడు మేము చూచినది గోడలను కాదు, గోడల కింది బండను. ఒక ముక్క చేతిలోకి తీసుకొని ఎండలో తిప్పి చూడండి. గులాబి రంగు, తెలుపు, నడుమ గాజువలె మెరిసే పలుగు, అక్కడక్కడ నల్లని చుక్కలు. ఒక్కొక్క గింజ కంటికి వేరుగా కనబడుతుంది. దీనినే గ్రానైటు అంటారు. నల్లగొండ, మహబూబ్‌నగరు ప్రాంతాలలోని గుండ్లు, గుట్టలు చాలావరకు ఈ జాతివే. వీటి వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు.

ఈ బండ కూడ ఒకప్పుడు కరిగిన ద్రవమే. కాని అది పైకి ఉబికి రాలేదు. భూమి లోపల, ఎంతో లోతున, నెమ్మదిగా చల్లారినది. కలకండ చేసేవారిని అడగండి. పాకాన్ని కదపకుండా నిదానంగా చల్లారనిస్తే పెద్ద పెద్ద పలుకులు కడుతుంది. తొందరగా చల్లారిస్తే సన్నని పొడిగా మారుతుంది. రాయికీ అదే సూత్రం. లోపల మెల్లగా చల్లారినది ముతక పలుకుల గ్రానైటు. పైకి పారి గాలి తగిలి త్వరగా గట్టిపడినది సన్నని నల్లరాయి. దానిని బసాల్టు అంటారు. ఈ ఒక్క తేడా గుర్తుంచుకోండి; తక్కిన కథంతా దీని మీదనే నడుస్తుంది.

కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా మహబూబ్‌నగరు చేరినాము. దారి పొడుగునా ఎర్ర చెల్కలే. నడుమ నడుమ గుండ్ల గుట్టలు. అక్కడక్కడ, మన పెద్దయ్య చేనులోని వంటి నల్లరాళ్ళ వరుసలు కూడ కనబడినవి. కొన్ని చిన్న గట్లు, కొన్ని పొడవాటి గుట్టలు. గీత గీచినట్టు తిన్నగా పోతాయి. "ఇవన్నీ ఎవరు పేర్చినరు?" అని పెద్దయ్య అడిగినారు. "రేపు చెబుతాను" అన్నాను. ఆ రాత్రి మహబూబ్‌నగరులోనే పండుకొన్నాము.

ఆదివారం పొద్దున్నే బయలుదేరి కోస్గి, మద్దూరు వైపు పోయినాము. పాత మహబూబ్‌నగరు జిల్లాలో, నేటి నారాయణపేట జిల్లాలో, మద్దూరు, కోటకొండ, నారాయణపేట పరిసరాలలో నిజమైన పాత అగ్నిపర్వతపు గొట్టాలు ఉన్నవి. అగ్నిపర్వతమనగానే కొన తెగిన కొండ, పైన పొగ తలచుకొంటాము. అక్కడ అటువంటిదేమీ లేదు. చదును నేల, చేలు, పశువులు. పెద్దయ్య నాలుగు దిక్కులా చూచి, "ఏదీ, కొండ ఏదీ?" అన్నారు.

కొండ ఎప్పుడో అరిగిపోయినది. సుమారు 110 కోట్ల సంవత్సరాల క్రితం, భూమి లోపల నూరు మైళ్ళ లోతు నుండి ద్రవం బుస్సుమని పైకి తన్నుకొని వచ్చినది. వచ్చిన దారి నిట్టనిలువు గొట్టంవలె ఉంటుంది. పైభాగాన్ని వానలు, గాలులు అరగదీసినవి. మిగిలినది వేరు మాత్రమే. చెట్టు నరికిన తరువాత మొద్దు మిగిలినట్లు. ఈ గొట్టాలలోని రాతిని కింబర్లైటు అంటారు. వజ్రాలను లోతునుండి పైకి మోసుకొని వచ్చేది ఈ జాతి రాయే. అనంతపురం జిల్లా వజ్రకరూరులో ఉన్నదీ ఇదే. తొలకరి వానలు పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలలో జనం వంగి వంగి రాళ్ళేరుకొనేది అందుకే. మన మద్దూరు వైపు గొట్టాలలో మాత్రం తవ్వి లాభపడేటంత వజ్రాలు దొరకలేదు. కనుక ఎవరూ ఆశపడి పారలు పట్టుకొని బయలుదేరవద్దు!

కొడంగల్ దాటి తాండూరు దారి పట్టిన తరువాత నేల రంగు మారినది. చెలక పోయి రేగడి వచ్చినది. గుండ్లు పోయినవి. గుట్టలు ఉన్నవిగాని, వాటి తలలు చదును, బల్ల పరచినట్టు. పెద్దయ్య బండి దిగి చేనులోకి నడిచి, ఒక పగులులో చేయి పెట్టి చూచినారు. మోచేయి దాకా దిగినది. "ఎంత నేల బిడ్డా!" అన్నారు. ఆయన కంటిలో అసూయ కనబడినది. రైతుకు రైతు నేలను చూస్తే పుట్టే అసూయ అది, తప్పులేదు.

ఇక్కడికి నిప్పు ఎట్లా వచ్చినదంటే, ఒక కొండ నుండి కాదు. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రితం పడమటి దిక్కున భూమి పొడవాటి బీటలు వారినది. ఆ బీటల నుండి కరిగిన రాయి పొంగి, పెనం మీద అట్ల పిండి పరచుకొన్నట్టు పరచుకొన్నది. ఒక పొర చల్లారిన తరువాత దానిపై మరొకటి, దానిపై ఇంకొకటి. పడమటి కనుమలలో ఈ పొరలన్నీ కలిపి రెండు కిలోమీటర్లకు పైగా మందం ఉన్నవి. మన వైపు వచ్చేసరికి అంచు పలుచబడినది. నేటికీ ఈ రాతి పరుపు సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర ఉన్నది. అజంతా, ఎల్లోరా గుహలు తొలిచినది ఈ రాతిలోనే. దేవరకొండకు ఎంతో దూరాన, పడమటి వైపునే దీని తూర్పు అంచు ఆగిపోయినది. అందుకే మనకు చెల్క, వారికి రేగడి. ఎవరి తప్పూ కాదు, ఎవరి గొప్పా కాదు.

ఆ నిప్పుల పొయ్యి ఏమైనదని పెద్దయ్య అడిగినారు. మన దేశం ఉన్న నేలపలక ఆనాడు దక్షిణ సముద్రంలో ఆ పొయ్యి మీదుగా ఉత్తరానికి జరుగుతున్నదని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. మనము జరిగి వచ్చినాము. పొయ్యి అక్కడే ఉన్నది. హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో ఇప్పటికీ అది నిప్పు కక్కుతున్నది. ఒకప్పుడు యానాం వైపునుండి మన తెలుగు కూలీలు చెరకు తోటల పనికి ఓడలెక్కి పోయిన దీవి అదే. మన రేగడికి తల్లి వంటి కొండను మనవారే అక్కడ కళ్ళారా చూచినారన్నమాట.

తాండూరులో ఇంకొక వింత. ఇళ్ళలో పరిచే నాపరాళ్ళు మీకు తెలుసును. ఆ బండలు నిప్పు రాళ్ళు కావు. పాత సముద్రపు అడుగున సున్నపు బురద పొరలు పొరలుగా పేరుకొని గట్టిపడినవి. వాటిపైకి తరువాత ఎప్పుడో ఈ నల్లరాతి ప్రవాహం వచ్చి కప్పినది. అటుపైన ఆ నల్లరాయి శిథిలమై రేగడి అయినది. ఆ రేగడిలో పండే కందికి ఎంత పేరున్నదంటే, 2022లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు వచ్చినది. రుచి గింజలోనే ఉన్నదనుకొంటాము. దానికి నేల కూడ తోడు.

రేగడి చేసే పని ఏమిటి? నల్లరాయి చివికితే సన్నని బంకమన్ను వస్తుంది. ఈ బంకమన్ను తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకొని పగులుతుంది. పైమన్ను పగుళ్ళలో పడుతుంది, వాన రాగానే మళ్ళీ ఉబ్బి కలుస్తుంది. అందుకే రేగడి తనను తానే దున్నుకొంటుందని అంటారు. నీటిని పట్టి ఉంచుతుంది. వానలు ఆగిన తరువాత కూడ ఆ తేమతోనే శనగ, జొన్న పండుతవి. ప్రపంచపు నేలల పుస్తకాలలో ఈ మట్టిని 'రెగూర్' అంటారు. ఆ మాట మన 'రేగడ' నుండి పోయినదే!

మన చెల్క వేరు. గ్రానైటులోని పలుగు ఎంత కాలమైనా చివకదు, ఇసుకగా మిగులుతుంది. కనుక చెల్క తేలికగా ఉంటుంది, అరక సుఖంగా సాగుతుంది, చిన్న వానకే విత్తనం వేయవచ్చును. కాని నీళ్ళు నిలువవు. పది రోజులు వాన మొగం చాటేస్తే పైరు వాడుతుంది. తాండూరు రేగడిలో నిలిచిన పత్తిని చూచి వచ్చి, మనమూ పలుచని చెల్కలో పత్తి వేస్తే, ఆ పది రోజులకే అప్పు మిగులుతుంది. మన పెద్దలు ఆముదము, కంది, జొన్న వేసినది తెలియక కాదు.

మధ్యాహ్నం వికారాబాదు దగ్గర అనంతగిరి గుట్ట ఎక్కినాము. మూసీ నది పుట్టేది ఈ గుట్టల్లోనే. గుట్ట పైన రాయి ఎర్రగా, తుప్పు పట్టిన ఇనుమువలె, తొర్రలతో ఉన్నది. "ఇది మన ఎర్రనేలనే గదా" అన్నారు పెద్దయ్య. కాదు. నల్లరాయే లక్షల యేండ్ల వానలకు, ఎండలకు తన సారమంతా కోల్పోయి, ఇనుము మాత్రం మిగిలి ఎర్రబడినది. ఎర్రనేలలన్నీ ఒక్క తల్లి పిల్లలు కావు. రంగు చూచి నేలను నమ్మవద్దు. కింద ఏ రాయి ఉన్నదో చూచి నమ్మండి.

గుట్ట పక్కన రోడ్డు కోసం కోసిన చోట లోపలి పొరలు కనబడినవి. కింద గట్టి నల్లరాయి. దాని పై అంచున రొట్టె మీది పొక్కులవలె తొర్రలు. చల్లారేటప్పుడు ఆవిరి తప్పించుకొన్న గుర్తులు. కొన్ని తొర్రలలో తెల్లని గాజు పలుకులు నిండి ఉన్నవి. రాళ్ళు కొన్ని ఉల్లిగడ్డవలె పొరలు పొరలుగా ఊడుతున్నవి. వికారాబాదు ప్రాంతంలో ఒక ప్రవాహానికీ మరొక ప్రవాహానికీ నడుమ మట్టి పొరలు, వాటిలో రాయిగా మారిన నత్తగుల్లలు కూడ దొరికినవి. అంటే ఒక పొర చల్లారి, దాని మీద వానలు కురిసి, కుంటలు నిండి, నత్తలు బ్రతికినంత కాలం గడిచిన తరువాతనే మళ్ళీ నిప్పు వచ్చినదన్నమాట.

అక్కడ పెద్దయ్యకు నీటి మాట చెప్పినాను. ఈ పొరల రాతిలో నీరు ప్రధానంగా తొర్రల పొరలోను, రెండు ప్రవాహాల సందులోను, పైన చివికిన మొరంలోను ఉంటుంది. నడుమ గట్టిరాయి వస్తే దానిలో ఉండదు. మన గ్రానైటులో పొరలు లేవు. పైన చివికిన మొరం, దాని కింద పగుళ్ళు. ఈ రెండింటిలోనే నీరు. లోతుకు పోయిన కొద్దీ పగుళ్ళు తగ్గి, సందులు మూసుకొనిపోతవి. కనుక మూడు వందల అడుగులలో పడని నీరు వెయ్యి అడుగులలో పడుతుందని అప్పు తెచ్చి దింపడం చాలాసార్లు రాయిని తొలవడమే అవుతుంది.

"మరి నా చేనులో నల్లరాయి సంగతి?" అన్నారు. అదే చెప్పవలసి ఉన్నది.

దేవరకొండ వైపు నల్లరాళ్ళ వరుసలు కూడ కరిగి వచ్చిన రాయే. కాని ఈ వికారాబాదు ప్రవాహంలోనివి కావు. వీటికంటె ఎంతో ముసలివి. చాలావాటి వయస్సు 200 కోట్ల సంవత్సరాల దరిదాపు. గ్రానైటు గట్టిపడిన తరువాత దానిలో పొడవాటి బీటలు వారినవి. కిందినుండి ద్రవం ఆ బీటలలోకి ఎక్కి, అక్కడే చల్లారినది. గోడ పగులులో సున్నం పోసినట్టు. పైన కనబడే గట్టు నడుము ఎత్తే అయినా, కింద అది నిలువు గోడగా ఎంతో లోతుకు దిగి ఉంటుంది. దీనిని డైకు అంటారు. మనము నల్లరాతి గోడ అనుకొందాము. దుకాణాలలో నల్ల గ్రానైటు అని అమ్మే రాయి చాలావరకు ఇదే.

ఇప్పుడు మీరే ఆలోచించండి. వాలు మీద నీరు పైనుండి కిందికి దిగుతుంది; భూమి లోపల కూడ అంతే. ఆ దారికి అడ్డంగా పగుళ్ళు లేని గోడ ఉంటే ఏమవుతుంది? చెరువుకట్ట వెనుక నిలిచినట్టు నీరు ఎగువన నిలుస్తుంది. దిగువన తక్కువ పడుతుంది. తమ్ముని చేను ఎగువ. అన్నగారి చేను దిగువ. అన్నగారి నీళ్ళను తమ్ముడు గుంజుకొన్నది లేదు. నడుమ గోడ రెండు వందల కోట్ల యేండ్ల క్రితమే లేచినది!

పెద్దయ్య చాలాసేపు మాట్లాడలేదు. హైదరాబాదు దగ్గరపడి మళ్ళీ గ్రానైటు గుండ్లు కనబడినప్పుడు, "రెండేండ్లు వాని మొగం చూడకపోతిని" అన్నారు. అంతే.

సోదరులారా, ఈ ప్రయాణంలో మనకు పనికివచ్చే మాటలు కొన్ని ఉన్నవి. ఒక్కొక్కటే చెబుతాను.

మొదటిది: బోరు వేసేముందు మీ చేను చుట్టూ నడవండి. నల్లరాళ్ళ వరుస ఉన్నదా? పైకి గట్టు లేకపోయినా, నాగలికి గుండ్రని నల్లరాళ్ళు ఒకే వరుసలో తగులుతున్నవా? వాలు ఎటు? మీ చేను ఎగువనా, దిగువనా? అయితే ఎగువన ఉంటే తప్పక నీరు పడుతుందని మాట ఇవ్వలేము. గోడకు బాగా పగుళ్ళుంటే నీరు దానిగుండానే పోవచ్చును. ఒక్కొక్కప్పుడు గోడ అంచునే నీరు దొరకవచ్చును. అందుచేత కొబ్బరికాయ, వేపపుల్లలతో ఆగక, భూగర్భ జల శాఖవారితో పరీక్ష చేయించండి. భూమిలోకి కరెంటు పంపి, లోపలి రాయి తీరు అంచనా కట్టే పద్ధతి ఉన్నది. నీరు, భూమి, చెట్ల సంరక్షణకు 2002లో వచ్చిన వాల్టా చట్టం ప్రకారం బోరుకు అనుమతి కూడ తీసుకోవలసి ఉన్నది.

రెండవది: నల్లరాతి గోడ మీ ఊరి కనబడని చెరువుకట్ట. ఎవరైనా వచ్చి ఆ రాయి తవ్వుకొంటామంటే, వచ్చే పైకం ఒక్కటే లెక్క కట్టవద్దు. కట్ట తెగితే ఎగువ బాయిల గతి ఏమిటో ఊరంతా కూర్చొని ఆలోచించండి. ఆ గోడకు ఎగువన ఇంకుడు గుంతలు, చిన్న కుంటలు తవ్వుకొంటే ఆగిన నీరు నేలలోకే దిగుతుంది.

మూడవది: రేగడి మన వద్దకు నడిచి రాదు. కాని మన చెరువులలో నల్లని పూడిక మట్టి ఉన్నది. సన్నని మన్ను వానకు కొట్టుకొనివచ్చి అక్కడ చేరినదే. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పనులలో ఎందరో రైతులు ఆ మట్టిని చేలకు తోలుకొన్నారు. చెల్కలో పూడిక మట్టి కలిస్తే తేమ ఇంకొన్నాళ్ళు నిలుస్తుంది. ముందు ఆ మట్టిని కూడ పరీక్ష చేయించండి. చవుడు ఉంటే మేలుకు బదులు కీడు. దున్నేది ఎప్పుడూ వాలుకు అడ్డంగానే దున్నండి. కంది, ఆముదం వంటి లోతు వేరు పైర్లను విడువకండి.

నాలుగవది తాగే నీటి మాట. గ్రానైటులోని కొన్ని ఖనిజాలలో ఫ్లోరిన్ ఉన్నది. రాయితో చాలాకాలం కలిసి ఉన్న నీటిలోకి అది కరిగి వస్తుంది. పళ్ళమీద గోధుమ మచ్చలు, వంగిన కాళ్ళు, బిగిసిన నడుములు నల్లగొండ జిల్లా పల్లెలకు కొత్తగా చెప్పవలసిన పని లేదు. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు మించితే తాగరాదు. కాచినంత మాత్రాన అది పోదు. చూడటానికి నీరు తేటగా, తియ్యగా ఉన్నా నమ్మరాదు. పటిక, సున్నం వేసి తేర్చి ఫ్లోరైడు తగ్గించే పద్ధతికి మన నల్లగొండ పేరే పెట్టినారు. ఆ పేరు మనకు గర్వమూ, బాధా. కొత్త బోరు నీళ్ళను పరీక్ష చేయించకుండా పిల్లలకు తాగించవద్దు. కుళాయిలో నది నీరు వస్తుంటే అదే తాగండి. బోరు నీరు పైరుకు, పశువుల కొట్టం కడగడానికి ఉంచండి.

పెద్దయ్య సంగతి చెప్పి ముగిస్తాను. అయిదో బోరు ఆయన వేయలేదు. మరునాడు పొద్దున తమ్ముని ఇంటికి పోయినారు. లోపల ఏమి మాట్లాడుకొన్నారో నాకు తెలియదు. ఎడ్ల పైకంలో కొంత పెట్టి నల్లరాతి గోడకు ఎగువన, తమ్ముని చేనులో ఒక కుంట తవ్వించినారు. తమ్ముని బోరు నుండి గట్టు మీదుగా అన్న చేనులోకి ఒక పైపు వచ్చినది. వారానికి రెండు దినాలు అన్న వంతు. నీరు ఎన్నాళ్ళు సరిపోతుందో వచ్చే ఎండకాలమే చెప్పాలి. ఆయన మాత్రం ఒక ఎకరమే కూరగాయలకు ఉంచుకొని, తక్కినది ఆముదానికి, కందికి విడిచినారు.

మీ చేనులోనూ ఏదో ఒక నల్లరాయి ఉండవచ్చును. దానిని తన్నుకొని పోకండి. వంగి చేతిలోకి తీసుకోండి. గింజలు కనబడుతున్నవా, సన్నగా ఉన్నదా? అది ఏ వరుసలోది? ఎటునుండి ఎటు పోతున్నది? నిప్పు చల్లారి కోట్ల సంవత్సరాలైనా, అది గీచిన గీతల మీదనే మన బాయి, మన పైరు, మన అప్పు నడుస్తున్నవి.

ఇక సెలవు.